నలభై అయిదు డెసిబెళ్ల ఆసుపత్రి

ఇరవై రెండేళ్లుగా మా జిల్లా ఆసుపత్రిలో నేను చేసిన ఉద్యోగం అరవడం. ప్రభుత్వం దానికి సమాచార సహాయకుడు అని పేరు పెట్టింది గానీ పని మాత్రం అదే. ఎంక్వైరీ గదిలో మైకు ముందు కూర్చుని, ఫలానా వార్డులో ఫలానా ఆవిడ తాలూకు మనుషులు ఎక్కడున్నా వెంటనే రావాలని పిలిచేవాడిని. మైకు చెడిపోయిన రోజుల్లో వరండాలో నిలబడి పిలిచేవాడిని. నిజం చెప్పొద్దూ, మైకు బాగున్న రోజులకంటే ఆ రోజుల్లోనే జనం తొందరగా వచ్చేవారు. బస్టాండులో టీ తాగుతున్న మొగుళ్లు కూడా గ్లాసులు వదిలేసి పరిగెత్తుకొచ్చిన సందర్భాలున్నాయి. నా పేరు నీలాచలం. ఈ గొంతు మీద నాకు కాస్త గర్వం ఉండేది, ఇప్పటికీ ఉంది.

మా ఆసుపత్రిలో తల్లీపిల్లల విభాగం పెద్దది. బీపీ పెరిగినవాళ్లు, రక్తం తగ్గినవాళ్లు, కవలల్ని మోస్తున్నవాళ్లు, వెనక కాన్పులు పోయినవాళ్లు, ఇలా ప్రాణాల మీదికొచ్చిన గర్భిణులంతా చుట్టుపక్కల మండలాల నుంచి ఇక్కడికే వస్తారు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల కోసం పక్కనే అద్దాల గది ఉంది. అందులో వెచ్చని పెట్టెల్లో, వైర్ల మధ్య, రెండు దోసిళ్లలో పట్టేంత పిల్లలు మెల్లగా పెరుగుతుంటారు.

దీనంతటికీ సూపరింటెండెంటు డాక్టర్ మృత్యుంజయరావు గారు. పిల్లల డాక్టరు. ఆయన చేతిలో పడ్డ పిల్ల దక్కుతుందని జిల్లా అంతా పేరుంది, ఆ పేరు ఊరికే రాలేదు. ఆయనకున్న జబ్బల్లా ఒక్కటే, సెమినార్లు. ఒకసారి రంగుల ప్రభావం మీద సెమినారుకి వెళ్లొచ్చి ఆసుపత్రి మొత్తానికి వంకాయ రంగు వేయించారు. ఇంకోసారి నవ్వు మీద సెమినారుకి వెళ్లొచ్చి, రోజూ ఉదయం సిబ్బంది వరసగా నిలబడి నవ్వాలని ఆర్డరు వేశారు. జీతాలు రాని నెలలో కూడా నవ్వాం.

ఈసారి ఆయన వెళ్లింది నిశ్శబ్దం మీద సెమినారుకి. నెలలు నిండని పిల్లల చెవులు లేతవని, గట్టి చప్పుడు వింటే వాళ్ల గుండె దడదడలాడి ఊపిరి తప్పుతుందని, అందుకని వాళ్లున్న చోట చప్పుడు నలభై అయిదు డెసిబెళ్లు దాటకూడదని అక్కడ చెప్పారట. బీపీ పెరిగిన గర్భిణులకూ గోల పడదట. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. మా ఆసుపత్రిలో పిచ్చి ఎప్పుడూ నిజమైన మాటతోనే మొదలవుతుంది. తిరిగొస్తూ ఆయన చేతిలో పట్టుకునే చిన్న మీటరొకటి తెచ్చారు. చప్పుడు ఎంతుందో దాని మీద అంకె వస్తుంది, నలభై అయిదు దాటితే ఎర్రదీపం వెలుగుతుంది.

మర్నాడు గోడలన్నిటికీ సర్క్యులర్ అంటించారు. "నవజాత శిశు శ్రవణేంద్రియ సంరక్షణార్థము, ఆసుపత్రి ప్రాంగణమునందు నలభై అయిదు డెసిబెళ్లకు మించిన ఏ విధమైన ధ్వనినైనను ఉత్పత్తి చేయుట, చేయించుట, లేదా అందుకు సహకరించుట నిషేధించడమైనది. తుమ్ము, దగ్గు మొదలగునవి పరిశీలనలో నున్నవి." సాయంత్రానికి నా మైకు విప్పేశారు. నన్ను మాత్రం తీసెయ్యలేదు. పర్మనెంటు ఉద్యోగిని తీసెయ్యడం నిశ్శబ్దంగా జరిగే పని కాదు కాబట్టి, ధ్వని నియంత్రణ ప్రత్యేక పర్యవేక్షకుడిగా నియమించారు. చేతిలో మీటరు, కాళ్లకు దూది చెప్పులు, నోటికి తాళం. ఇరవై రెండేళ్లు అరిచినవాడికి చప్పుడు గురించి బాగా తెలుస్తుందని సూపరింటెండెంటు గారు అభిప్రాయపడ్డారు.

మైకు పోయాక మనుషుల్ని పిలవడం ఎలాగన్నది సమస్య అయింది. పేరు పలక మీద రాసి ఆవరణంతా తిప్పమన్నారు. చదువు రానివాళ్లకీ, నిద్రపోయేవాళ్లకీ పలక వల్ల ఉపయోగం లేదు గనక, వాళ్లేనని అనుమానం వచ్చినవాళ్ల భుజం తట్టి లోపలికి తీసుకుపోవాలని సవరణ వచ్చింది. ఆ లెక్కన వరిబీజం ఆపరేషన్‌కి వచ్చి చెట్టు నీడన కునుకుతీస్తున్న పెద్దాయన భుజం తట్టి తీసుకుపోయి, చేతిలో కవలల్ని పెట్టాం. ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. చప్పుడు చెయ్యకుండానే పెట్టుకున్నాడు కనక నియమం ఉల్లంఘించినట్టు కాలేదు.

ఆ రోజుల్లోనే భూలక్ష్మి వచ్చింది. సముద్రం ఒడ్డు పల్లె నుంచి, ఏడో నెలలో, కాళ్లు వాచి, బీపీ పెరిగి వచ్చి కష్టకాన్పుల వార్డులో చేరింది. మా జిల్లాలో గర్భిణి ఒక్కతీ రాదు. ఆటో నిండా అత్త, ఆడపడుచులు, తోడికోడలు, ఆవిడ చెల్లెలు, దారిలో ఎక్కిన ఇంకెవరో దిగారు. మొగుడు సన్యాసిరావు డ్రైవరు పక్కన సగం బయటికి వేలాడుతూ వచ్చాడు. ఎనిమిదేళ్లుగా పిల్లల కోసం గుళ్లూ ఆసుపత్రులూ తిరుగుతున్నవాడికి ఆ పేరేమిటని నేను మనసులో అనుకున్నాను. పైకి అనడానికి అనుమతి లేదు.

భూలక్ష్మికి మూడు కాన్పులు పోయాయి. మొదటి రెండూ కడుపులోనే పోయాయి. మూడోది పుట్టింది గానీ ఏడవలేదు. ఈ సంగతి ఆ అమ్మాయే నాతో చెప్పింది, నేను మీటరు పట్టుకుని మంచాల మధ్య తిరుగుతున్నప్పుడు. ఏడుపు వినపడుతుందేమోనని ఆ రోజు చెవులు రిక్కించుకుని ఉందట. పక్కమంచం వాళ్ల పిల్ల ఏడిస్తే తనదే అనుకుందట.

"ఈపాలి ఒక్క ఏడుపు ఇంటే సాలు బావూ. ఇంకేటీ అడగను," అంది.

మీటరు ముప్పై ఎనిమిది చూపించింది. ఆ మాట నియమాల లోపలే ఉంది.

ఆవిడ అత్త అప్పలనరసమ్మ సంగతి వేరు. నలభై ఏళ్లుగా గంప నెత్తిన పెట్టుకుని వీధి ఈ చివర నుంచి ఆ చివరికి వినపడేలా చేపలమ్మిన మనిషి. ఆవిడ గుసగుసే డెబ్బై రెండు. వార్డులోకి అడుగుపెట్టి కోడలి చెవిలో ఏదో చెప్పిందంటే నా మీటరు ఎర్రబడేది. ఆవిణ్ణి గేటు బయట ఉంచాలని, సూపరింటెండెంటు గారు తన అధ్యక్షతన వేసిన ధ్వని సంఘం తీర్మానించింది. గేటు బయట నుంచి మాట్లాడినా కిటికీ దగ్గర అరవై వస్తోందని తేలాక, రోడ్డు అవతలికి పంపారు. అక్కడ పళ్లబండి పక్కన నిలబడి, కోడలు తిన్నదా లేదా అని చేతులతో అడిగేది. తినకపోతే నోటితోనే అడిగేది.

ఇక గాజుల గొడవ. మా వైపు సీమంతం చేసిన పిల్లకి మోచేతుల దాకా మట్టిగాజులు వేస్తారు, కాన్పయ్యేదాకా తియ్యరు. ఒక వార్డులో నలభై మంది గర్భిణులు పక్కకి తిరిగి పడుకుంటే ఎంత చప్పుడవుతుందో మా సూపరింటెండెంటు గారు లెక్కకట్టారు. "కంకణ ధ్వని ఉపశమన చర్యలు" అని ఫైలు తెరిచారు. గాజులు తియ్యమంటే ఆడవాళ్లు నోరెత్తకుండానే తిరగబడ్డారు. అందరూ మంచాల మీద లేచి కూర్చుని, చేతులు పైకెత్తి ఒక్కసారి ఆడించారు. మీటరు ఎనభై ఎనిమిది దాటింది. సంఘం అత్యవసరంగా సమావేశమై రాజీకొచ్చింది. గాజులు తియ్యనక్కర్లేదు, వాటి మీద మణికట్టు నుంచి మోచేతి దాకా బ్యాండేజీ గుడ్డ చుడితే చాలు.

రెండు రోజుల తర్వాత మా నియోజకవర్గం నాయకుడు పళ్లు పంచడానికి వచ్చాడు. వార్డు గుమ్మంలో నిలబడి లోపలికి చూశాడు. నలభై మంది ఆడవాళ్లు, అందరూ గర్భిణులు, అందరికీ రెండు చేతులకూ కట్లు, ఒక్కరూ మాట్లాడటం లేదు. ఆయన మొహం పాలిపోయింది. ఏ బస్సని అడిగాడు. మాట్లాడటానికి వీల్లేదు గనక నేను చేతులూపి బస్సు లేదని చెప్పాను. బస్సు బోల్తాపడిందని ఆయనకి అర్థమైంది. అక్కడికక్కడే ఫోనులో ప్రగాఢ సంతాపం ప్రకటించి, రోడ్డు మలుపులో గోడ కట్టించాలని డిమాండు చేసి వెళ్లిపోయాడు. ఇప్పుడు ఆ గోడ కడుతున్నారు. మలుపు ఎక్కడుందో కాంట్రాక్టరు ఇంకా వెతుకుతున్నాడు.

తర్వాత సిబ్బంది వంతు. డాక్టర్లూ నర్సులూ మాటలు మానేసి సైగలతో పనిచెయ్యాలని ఆదేశం వచ్చింది. సైగలు నేర్పడానికి రిటైరైన డ్రిల్లు మాస్టార్ని పిలిపించారు. ఆయనకు తెలిసిన సైగలు బారులు తీరడం, చెదిరిపోవడం, వెనక్కి తిరగడం. అవి నేర్పి వెళ్లిపోయాడు. మిగతావి ఎవరికి తోచినట్టు వాళ్లు కల్పించుకున్నారు. ఆపరేషన్ గదిలో డాక్టరమ్మ రెండు వేళ్లు కదిపి కత్తెర అడిగితే క్యాంటీను నుంచి రెండు టీలు వచ్చాయి. హెడ్ నర్సు ఎస్తేరురాణి గారు చెయ్యి కాస్త విసురుగా తిప్పితే వార్డంతా కుడివైపు తిరిగి నిలబడింది.

అద్దాల గదిలో మెషిన్ల అలారాలు కూడా నోరు మూసుకోవాలన్నారు. అక్కడ పనిచేసే చిన్న డాక్టరమ్మ షరీఫా ఒప్పుకోలేదు. పిల్లకి ఊపిరి తగ్గితే అలారం మోగాల్సిందేనంది. సంఘం చాలాసేపు చర్చించి, అలారం స్థానంలో మనుషుల్ని నియమించింది. ఒక్కో మెషిను ముందు ఒక్కో మనిషి నిలబడి రెప్ప వెయ్యకుండా దీపం చూడాలి, ఎర్రబడితే పరిగెత్తుకెళ్లి డాక్టరమ్మ కొంగు లాగాలి. చాకలాయన్నీ, తోటమాలినీ, క్యాంటీను వంటాయన్నీ తెచ్చి నిలబెట్టారు. పిల్లలకి ఏ లోటూ రాలేదు గానీ ఆసుపత్రికి మూడు రోజులు భోజనం లేదు.

ప్రసవాల గది దగ్గరికి వచ్చేసరికి సర్క్యులర్ భాష ఇంకా చిక్కబడింది. "ప్రసవవేదన గర్భిణీ స్త్రీ యొక్క మౌలిక హక్కు. అయితే సదరు వేదన ధ్వనిరూపమున వ్యక్తమగుట అనివార్యము కాదు." నిశ్శబ్దంగా కేకపెట్టడం నేర్పడానికి యోగా మాస్టరు వచ్చాడు. నోరు బార్లా తెరిచి, గొంతు మూసి, కేకని బొడ్డు దగ్గరే కరిగించుకోవాలని తాను చేసి చూపించాడు. పెళ్లికాని మగమనిషి ఆ మాట చెబుతుంటే తొమ్మిదో నెల ఆడవాళ్లు ఎంతో మర్యాదగా విన్నారు. నొప్పులొచ్చినప్పుడు మాత్రం ఎవరికీ అది గుర్తు రాలేదు. చేతికందినవాళ్లని కొరకడం మొదలుపెట్టారు. నర్సులకు తోలు చేతొడుగులు తెప్పించారు. రోడ్డు అవతల ఈ కబురు విన్న అప్పలనరసమ్మ, నొప్పి పడేది ఒకరూ నోరు మూసేది ఒకరూనా అని అడిగింది. ప్రసవాల గది కిటికీ దగ్గర అరవై నాలుగు వచ్చింది.

ఇంత చేసినా మీటరు ఎర్రబడుతూనే ఉండేది. ఎందుకో కనుక్కోమన్నారు. నేను వారం రోజులు మూలమూలా కొలిచి, ఉన్నదున్నట్టు చెప్పాను. మిగిలిన చప్పుడంతా పిల్లలదే. ధ్వని సంఘం గంభీరంగా తలలూపింది. "ఆసుపత్రి యందలి ధ్వని కాలుష్యమునకు నవజాత శిశువులే ప్రధాన ఉత్పత్తిదారులుగా నిర్ధారించడమైనది" అని తీర్మానం రాశారు. ఎవరి చెవుల కోసం ఇదంతా మొదలైందో అప్పటికి ఎవరికీ జ్ఞాపకం లేదు.

ఎక్కువగా ఏడ్చే పిల్లల్నీ వాళ్ల తల్లుల్నీ వెనక సైకిల్ షెడ్డులోకి మార్చారు. దానికి ప్రత్యేక స్వర విభాగం అని బోర్డు పెట్టారు. ఏడవని పిల్లలకి ప్రశాంత శిశువు అని సర్టిఫికెట్టు ఇచ్చి, ఫొటో తీసి హాల్లో పెట్టారు. తల్లులు వాటిని చూసి సంబరపడలేదు. తమ పిల్ల ఫొటో గోడకెక్కితే మూఢనమ్మకం కొద్దీ దిష్టి తీయించుకున్నారు. డాక్టర్ షరీఫా ఆ ఫొటోలు చూసిన రోజున నేరుగా సంఘం సమావేశంలోకి వచ్చి నిలబడింది.

"సార్, ఏడ్చే పిల్లల గురించి నాకు దిగులు లేదు. ఏడవని పిల్లల దగ్గరికే నేను పరిగెత్తేది. ఇది నాకు నేర్పింది మీరే," అంది.

సూపరింటెండెంటు గారు ఒక్క క్షణం కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. తర్వాత కళ్లద్దాలు పెట్టుకుని, డాక్టరుగారి అభిప్రాయాన్ని శబ్ద అనుకూల ధోరణిగా నమోదు చెయ్యమన్నారు. ఆయన మనసు అప్పటికే రాజధానిలో ఉంది. అక్కడి నుంచి నాణ్యతా మదింపు అధికారి అనంతపద్మనాభం గారు వస్తున్నారు. చప్పుడు లేదని ఆయన ఒప్పుకుంటే, రాష్ట్రం మొత్తానికి మొదటి నిశ్శబ్ద ఆసుపత్రిగా మాకు వజ్ర హోదా వస్తుంది. శిలాఫలకం ముందే చెక్కించి, గుడ్డ కప్పి, గుమ్మంలో నిలబెట్టారు.

ఆ అధికారి వచ్చిన రోజు ఉదయం ఆసుపత్రి చూడముచ్చటగా ఉంది. సైకిల్ షెడ్డు పిల్లల్ని అంబులెన్సుల్లో ఎక్కించి ఊరి చుట్టూ తిప్పుతున్నారు. కాకుల్ని తోలడానికి ఇద్దరు మనుషుల్ని పెట్టారు, వాళ్లు కాకుల్ని సైగలతో తోలుతున్నారు. అనంతపద్మనాభం గారు సన్నగా, శుభ్రంగా, దూది ఉండలాంటి గొంతుతో ఉన్నారు. ఆయన దగ్గర నా మీటరు కంటే పెద్ద మీటరు ఉంది. వార్డులో ముప్పై మూడు చూసి తల పంకించారు. కారిడార్లో ముప్పై చూసి చిరునవ్వు నవ్వారు. ఇంత లోతైన నిశ్శబ్దం శ్మశానాల్లో కూడా నమోదు కాలేదని ఒక కాగితం మీద రాసి చూపించారు. సూపరింటెండెంటు గారు సిగ్గుపడ్డారు.

సరిగ్గా అప్పుడే భూలక్ష్మికి బీపీ పెరిగిపోయింది. ఎనిమిదో నెల అప్పుడే పడింది. కళ్లు మసకలంటోంది, తల పగిలిపోతోందంటోంది. ఇంక ఆగితే తల్లికీ పిల్లకీ ప్రమాదమని డాక్టర్లు వెంటనే ఆపరేషన్ గదిలోకి తీసుకుపోయారు. వజ్ర హోదాకి ఆపరేషన్ గదిలో కూడా చప్పుడు కొలవాలట. అందుకని అనంతపద్మనాభం గారికి ఆకుపచ్చ గౌను తొడిగి, సూపరింటెండెంటు గారు తానే లోపలికి తీసుకొచ్చారు. కొలతలకు సాక్షిగా నేనూ వెళ్లి గుమ్మం పక్కన నిలబడ్డాను. సన్యాసిరావు తలుపు బయట గోడకి ఆనుకుని ఉన్నాడు.

నడుముకి మత్తిచ్చారు గనక భూలక్ష్మి మెలకువగానే ఉంది. ముఖం ముందు అడ్డుగుడ్డ కట్టారు. అంతా సైగలతోనే జరుగుతోంది. ఈసారి ఎవరూ టీ తేలేదు. కాసేపటికి డాక్టరమ్మ చేతుల్లో పిల్లాడు పైకొచ్చాడు. కిలోన్నర కూడా ఉండడు. నీలంగా ఉన్నాడు. షరీఫా అందుకుని వెచ్చని బల్ల మీద పడుకోబెట్టి తుడిచింది.

పిల్లాడు ఏడవలేదు.

షరీఫా ఇంకోసారి గట్టిగా తుడిచింది. అనంతపద్మనాభం గారు మీటరు ఒకసారి చూసి, నమ్మలేనట్టు దగ్గరగా పెట్టుకుని మళ్లీ చూశారు. ఇరవై రెండు. ఆయన మొహం వెలిగిపోయింది. అద్భుతమని చేత్తో సైగ చేసి, సూపరింటెండెంటు గారి చెయ్యి పట్టుకుని ఊపారు. దేశంలో ఏ ఆసుపత్రికీ రాని అంకె అది. ఇరవై రెండేళ్లలో నేను అంత భయంకరమైన నిశ్శబ్దం వినలేదు.

అడ్డుగుడ్డ పక్క నుంచి భూలక్ష్మి చెయ్యి ఒకటి మెల్లగా పైకి లేచింది. మణికట్టు నుంచి మోచేతి దాకా బ్యాండేజీ. మాట్లాడకూడదని చెప్పాం కదా, పాపం, మాట్లాడలేదు. వేళ్లతో చెవి దగ్గర చూపించి, అరచెయ్యి తిప్పింది. వినపడటం లేదేమని అడుగుతోంది.

ఆ చెయ్యిని సూపరింటెండెంటు గారు చూశారు. ఆయన చెయ్యి ఇంకా అనంతపద్మనాభం గారి చేతిలోనే ఉంది. దాన్ని విదిలించుకున్నారు. రెండంగల్లో బల్ల దగ్గరికి వెళ్లి, పిల్లాడి తల సరిచేసి, షరీఫా ముక్కూ నోరూ కప్పేలా చిన్న మాస్కు పెట్టి సంచి నొక్కుతుంటే, తాను వీపు రాస్తూ, అరికాళ్ల మీద వేలితో కొట్టడం మొదలుపెట్టారు. పిల్లాడి ఛాతీ లేస్తోంది, దిగుతోంది. తనంతట తాను మాత్రం ఊపిరి తియ్యడం లేదు. అప్పుడు ఆయన నోరు తెరిచారు. ఆ నోట్లోంచి సర్క్యులర్ భాష రాలేదు. చిన్నప్పుడు వాళ్లమ్మ దగ్గర నేర్చుకున్న భాష వచ్చింది.

"ఏడవరా గుంటడా. ఏడు. నీ యమ్మ ఇంటాది, ఏడవరా," అని గది దద్దరిల్లేలా అరిచారు.

తలుపు బయట సన్యాసిరావు ఆ కేక విని తానూ అరిచాడు. రోడ్డు అవతల నుంచి అప్పలనరసమ్మ ఏం జరిగిందో తెలియకుండానే అందుకుంది. ఎస్తేరురాణి గారు నోటికొచ్చిన ప్రార్థన పైకే చదివారు. నేనేం అరిచానో నాకు గుర్తు లేదు, కిటికీ అద్దాలు అదిరాయని తర్వాత చెప్పారు. ఆ గోలలో పిల్లాడి మూతి ముందు ముడుచుకుంది. కాళ్లు ఒకసారి తన్నాడు. నీలం రంగు పోయి ఎర్రబడ్డాడు. ఏడ్చాడు.

అదేం పెద్ద ఏడుపు కాదు. పిల్లికూన అరిచినట్టు సన్నగా వచ్చింది. కానీ భూలక్ష్మి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. మేమందరం ఒక్కసారి నోళ్లు మూసుకున్నాం, ఆ అమ్మాయికి వినపడాలని. మా ఆసుపత్రిలో ఎవరూ ఆర్డరు వెయ్యకుండా నిశ్శబ్దం పాటించింది ఆ ఒక్కసారే.

అనంతపద్మనాభం గారి నివేదిక పది రోజులకి వచ్చింది. ఆయన నిష్పక్షపాతి అని ఒప్పుకోవాలి. "సదరు శిశువు రోదన నలభై ఒక్క డెసిబెళ్లుగా నమోదైనది. శిశువు నియమావళిని పూర్తిగా పాటించినది. సూపరింటెండెంటు నూట మూడు. పాటించలేదు." వజ్ర హోదా పోయింది. శిలాఫలకం మీద గుడ్డ తియ్యకుండానే క్యాంటీనుకి పంపారు. వెనక వైపు నున్నగా ఉందని వంటాయన దాని మీద చపాతీలు చేస్తున్నాడు.

నియమం తప్పినవారికి మెమో ఇవ్వాల్సిన అధికారి సూపరింటెండెంటు గారే. నియమం తప్పిందీ ఆయనే. కనక ఆయన తనకు తాను మెమో ఇచ్చుకుని, సంతకం పెట్టి అందుకుని, మూడు రోజుల్లో సంజాయిషీ రాసుకున్నారు. "ఆ సమయమున నేను డాక్టరుగా వ్యవహరించితిని, పరిపాలనాధికారిగా వ్యవహరించుట మరచితిని" అని అందులో ఉంది. ఆ సంజాయిషీ తనకే సంతృప్తికరంగా లేదని తేల్చి, ఏడాది పాటు ఏ సెమినారుకీ వెళ్లకూడదని తనకు శిక్ష వేశారు. ఆ శిక్షని ఆసుపత్రి మొత్తం హర్షించింది. షెడ్డు పిల్లలు వార్డుల్లోకి వచ్చేశారు, అలారాలు మోగుతున్నాయి, వంటాయన వంట చేస్తున్నాడు.

నలభై అయిదు డెసిబెళ్ల నియమం మాత్రం అలాగే ఉంది. ఈలోగా అది రాజధానికి వెళ్లి రాష్ట్రస్థాయి నియమం అయిపోయింది, దాన్ని రద్దు చేసే అధికారం ఇప్పుడు ఎవరికుందో ఎవరికీ తెలియదు. అందుకని నా ఉద్యోగమూ ఉంది. రోజూ మీటరు పట్టుకుని అద్దాల గదికి వెళతాను. వెళ్లినప్పుడు భూలక్ష్మి కుర్చీలో వెనక్కి వాలి, పిల్లాణ్ణి బట్టల్లేకుండా తన గుండెల మీద వేసుకుని, పైన దుప్పటి కప్పుకుని ఉంటుంది. అలా ఒంటి వేడి తగిలితే పిల్లలు తొందరగా బలం పుంజుకుంటారని డాక్టర్ షరీఫా చెప్పింది. చేతులకి బ్యాండేజీ లేదు. కాన్పయ్యాక గాజులు కూడా తీసేశారు.

నిన్న నేను వెళ్లేసరికి పిల్లాడు ఆకలికి ఏడుస్తున్నాడు. నన్ను చూసి మిగతా తల్లులు తమ పిల్లల నోళ్లకి చేతులు అడ్డం పెట్టుకోబోయారు. భూలక్ష్మి మాత్రం నన్ను దగ్గరికి రమ్మంది. మీటరు పిల్లాడి నోటి దగ్గర పెట్టమంది. పెట్టాను.

"నిన్నకంటే పెరిగినాదా బావూ?" అని అడిగింది.

యాభై ఆరు వచ్చింది. ఎర్రదీపం వెలిగింది. చాలా పెరిగిందమ్మా అన్నాను. పక్క కుర్చీలో ఆవిడ ఇది విని, మా పిల్లకి కూడా చూడమని దుప్పటి తొలగించింది. ఆ పక్కనావిడ తన పిల్ల అరికాలు గిల్లింది. ఒక్కరి తర్వాత ఒక్కరు గదిలో పిల్లలంతా అందుకున్నారు. మీటరు ఏ అంకె చూపించిందో నేను చూడలేదు. భూలక్ష్మి కూడా ఇంక అంకె అడగలేదు. పిల్లాడి తల మీద గడ్డం ఆనించి, కళ్లు మూసుకుంది.

"ఏడు నాయినా, ఏడు," అంది. "నాను ఇంటున్నాను."